చేతులు ఖాళీ లేని కల

కదలలేకపోతున్నావు.

కళ్లు తెరిచే ఉన్నాయి. వీధి దీపం వెలుగులో కిటికీ చువ్వల నీడ గోడ మీద కనిపిస్తోంది. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్ సందులో నీ ఇల్లే ఇది, నీ మంచమే. పక్క గదిలో అమ్మమ్మ దగ్గుతోంది. పిలవాలి. నోరు పెగలడం లేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నారు. ఊపిరి సగంలో ఆగుతోంది. వేలు కదపాలి. ఒక్క వేలు. కదలదు. అరవాలి. రాదు.

చిటికెన వేలు కదిలింది.

ఒక్కసారిగా లేచి కూర్చుంటావు. వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఫోన్‌లో టైమ్ 4:10.

ఊళ్లో అయితే దీన్ని దయ్యం ఎక్కి కూర్చోవడం అంటారు. డాక్టర్లు నిద్ర పక్షవాతం అంటారు. కలలు గాఢంగా వచ్చే నిద్రలో మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు అందవు. కలలో పరుగెత్తితే మంచం మీంచి పడిపోకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు అది. ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది, ఆ కట్టు కాసేపటికి గానీ విడిపోదు. తెల్లవారే కొద్దీ ఈ రకం నిద్ర ఎక్కువవుతుంది కాబట్టే ఆ వేళ వచ్చిన కల అంత స్పష్టంగా గుర్తుంటుంది. ఇదంతా ఎప్పుడో పేపర్లో చదివావు. అయినా దడ తగ్గడం లేదు. నిన్ను భయపెట్టింది కదలలేకపోవడం కాదు. అంతకుముందు చూసింది.

నీ పరుపుల దుకాణం. బయట వాన. రాణీగంజ్ వైపు నుంచి జనం వస్తూ వస్తూ రెండు పక్కలకూ జరిగి దారి ఇస్తున్నారు. ప్రవక్త వస్తున్నారు అని ఎవరో అన్నారు. నువ్వు చూశావు. ముఖం కనపడలేదు. తెల్లని వస్త్రం అంచు కనిపించింది, తడిసిన గడప కనిపించింది. ఆయన గడప దగ్గర ఆగారు. ఎదురు వెళ్లి సలాం చెప్పాలి. నీ చేతుల నిండా దూది మూటలు. దించాలి. దించలేదు. దించలేకపోయావా, దించడానికి మనసు రాలేదా? ఆయన ఒక్క మాటా అనలేదు. వెనుదిరిగారు.

అప్పుడే మెలకువ వచ్చింది.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. బంధువుల గ్రూపు తెరుస్తావు. పెదనాన్న కొడుకులు, మేనత్తలు, దుబాయ్‌లో ఉన్న బావ, అందరూ ఉన్నారు అందులో. ‘ప్రవక్త గారిని కలలో చూశాను’ అని టైప్ చేస్తావు. బొటనవేలు పంపే గుర్తు మీదికి వెళ్లి ఆగుతుంది.

ఆగడానికి కారణం ఉంది. షైతాను ప్రవక్త రూపం ధరించలేడని, కలలో ఆయనను చూసినవాడు నిజంగా ఆయననే చూసినట్టని హదీసుల్లో ఉంది. ఆ మాట విన్నప్పటి నుంచి ముస్లిం ఇళ్లలో ఎందరో జీవితాంతం ఈ ఒక్క కల కోసం దువా చేస్తారు. అంత పెద్ద భాగ్యం మరి. కానీ వెనుదిరిగిపోయారే! ఇది భాగ్యమా, శాపమా? గ్రూపులో పెడితే పొద్దెక్కేలోగా ఇరవై మంది ఇరవై రకాలుగా తేలుస్తారు.

“ఏంది నాయనా, కేక పెట్టినావు?”

గుమ్మంలో అమ్మమ్మ. భుజాల చుట్టూ దుప్పటి. కేక బయటికి వచ్చిందని నీకు ఇప్పుడే తెలిసింది.

“కల వచ్చింది అమ్మమ్మా.”

“మంచిదా, చెడ్డదా?”

“తెలీడం లేదు.”

“తెలీనప్పుడు ఆ ఫోను కింద పెట్టు.”

ఆమెది నంద్యాల దగ్గర పల్లె. మీరు దూదేకులవాళ్లు. ఇంట్లో తెలుగు, నమాజులో అరబీ. దూది ఏకే పని తాతతో పోయింది, పరుపుల దుకాణం నాన్నతో వచ్చింది. ఆమె మంచం అంచున కూర్చుని యూసుఫ్ ప్రవక్త సంగతి ఎత్తుకుంటుంది. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాష్టాంగపడినట్టు ఆ పిల్లవాడు కలగన్నాడు. తండ్రికి చెప్పాడు. తండ్రి సంతోషపడి ఊరుకోలేదు, ముందు ఒక జాగ్రత్త చెప్పాడు: అన్నలకు మాత్రం చెప్పకు. కలను తెలిసినవాడికో, నీ మేలు కోరేవాడికో తప్ప చెప్పొద్దన్నది అప్పటి నుంచీ ఉన్న పద్ధతే. పీడకల అయితే ఎడమ పక్కకు మూడుసార్లు తుప్పున ఉమ్మినట్టు చేసి, అల్లాహ్ శరణు కోరి, పక్క మార్చుకుని పడుకోవాలి. ఎవరికీ చెప్పకూడదు.

పక్క మార్చుకుని పడుకుంటావు. నిద్ర రాదు. టైప్ చేసిన మాటను అక్షరం అక్షరం చెరిపేస్తావు. అజాన్ వినిపించగానే లేస్తావు.

సందులో చలి. పాల ప్యాకెట్ల ట్రేలు దింపుతున్నారు. మోటారు పంపుల దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. మహంకాళి గుడి వైపు పూల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు వెళ్తున్నారు. ఎంజీ రోడ్డు మీదికి వస్తే, ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్ అదే, సేఠ్ రాంగోపాల్ కట్టించిన పాత పోలీస్ స్టేషన్ భవనం, దాని మీద గడియారపు గోపురం చీకట్లో కనిపిస్తాయి. ఈ పేటకు పేరు ఆయన వల్లే వచ్చింది. రోజూ చూసే దారే. ఇవాళ ప్రతి గడప దగ్గరా కళ్లు ఆగిపోతున్నాయి.

నమాజు అయ్యాక ఇమాంసాబ్ చుట్టూ జనం ఉన్నారు. సరే, ఈలోగా చాయ్ తాగుదామని హోటల్లోకి వెళ్తావు. అక్కడ చేస్తావు పొరపాటు. నీ ముఖం చూసి తెలిసినాయన ఒకడు అడుగుతాడు. నోరు జారుతుంది. సగమే చెబుతావు. ఆ సగం చాలు.

“వెనక్కి తిరిగారా?”

బల్ల చుట్టూ మాటలు ఆగిపోతాయి.

“అయితే నీ మీద కోపం.”

“దుకాణంలో హరాం సొమ్ము ఏదో ఉంది. మూసెయ్యమని ఆజ్ఞ.”

“ఇంట్లో ఎవరికో ముప్పు. ముసలామె ఉందిగా?”

అమ్మమ్మ దగ్గు గుర్తొస్తుంది. గొంతు ఎండిపోతుంది. ఎదుటివాడు ముందుకు వంగుతాడు. తనకు ఒక ఆమిల్ తెలుసట. తాయెత్తు కడతాడట. పదకొండు వేలు. ఇవాళే కట్టాలి. సూర్యాస్తమయం దాటకూడదు. ఫోన్ తీస్తున్నాడు. నంబరు నొక్కుతున్నాడు. నీ చెయ్యి జేబులోకి వెళ్తోంది.

లే.

చాయ్ వదిలేసి లే. వెనక నుంచి పిలుస్తారు. ఆగకు. రోడ్డు దాటు.

మసీదులో ఇప్పుడు ఇమాంసాబ్ ఒక్కరే ఉన్నారు. చాపలు సర్దుతున్నారు. నీ మాట మొత్తం వింటారు. మధ్యలో అడ్డు రారు. విన్నాక తాబీర్, అంటే కలకు అర్థం, చెప్పరు. ఇంకో కల చెబుతారు.

కూఫా నగరంలో అబూ హనీఫా అని ఒక యువకుడు. 699లో పుట్టాడు. ఈ దేశంలో ఎక్కువ మంది ముస్లింలు అనుసరించే హనఫీ మార్గం ఆయన పేరు మీదే ఉంది. చదువుకునే రోజుల్లో ఒక రాత్రి కలలో ఆయన ప్రవక్త సమాధిని తవ్వుతున్నాడు. ఎముకలు ఏరి కూడదీస్తున్నాడు. ఊహించు. చేతులకు ఆ మట్టి అంటిందనుకో. మెలకువ వచ్చాక ఆ చేతులను చూసుకోగలవా? అన్నం కలపగలవా? ఆయన వణికిపోయాడని, ఇక చదువే మానేద్దామనుకున్నాడని చెబుతారు. బస్రాలో ఇబ్న్ సీరీన్ అనే పెద్దాయన ఉండేవాడు. కలల తాబీర్‌కు ఆ కాలంలో ఆయనను మించినవాడు లేడు. ఆయన దగ్గరికి కబురు వెళ్లింది. జవాబు వచ్చింది: ఈ కల కన్నవాడు ప్రవక్త జ్ఞానాన్ని తవ్వి బయటికి తీస్తాడు, చెదిరిన దాన్ని కూర్చుతాడు.

“చూశావా బేటా,” అంటారు ఇమాంసాబ్. “అంత భయంకరమైన కల. తెలిసినవాడి చేతిలో పడితే అలా అయింది. ఆ హోటల్లో చెప్పి ఉంటే?”

నీకు ఇంకో అనుమానం ఉంది. దుకాణం మూసెయ్యమని ఆజ్ఞ అన్నారు కదా. ఆయన తల అడ్డంగా ఊపుతారు. కలతో కొత్త చట్టం పుట్టదు. ఈ విషయంలో పండితుల్లో చాలామందిది ఇదే మాట. ధర్మం పూర్తయింది, రాసి ఉంది. కలలో ఎవరో చెప్పారని ఉన్న విధి తప్పదు, లేని విధి వచ్చి చేరదు. కలలో ప్రవక్త ఎలా కనిపించారన్నది చూసినవాడి స్థితిని చూపించే అద్దమని పాత తాబీర్ గ్రంథాలు రాసినవాళ్లు అన్నారు. లోటు కనిపిస్తే ఆ లోటు అద్దంలో వెతకకూడదు.

“ఆయన ముఖం గురించి నన్ను అడగొద్దు. నీ చేతుల్లో ఏముందో చెప్పు.”

“దూది మూటలు.”

“ఎన్ని?”

కళ్లు మూసుకుంటావు. కుడి చేతిలో ఒకటి. ఎడమ చేతిలో ఒకటి. చంకలో ఇంకొకటి ఉంది. జారిపోకుండా గట్టిగా అదిమి పట్టుకున్నావు.

“మూడు.”

ఆయనకు దూది మూటలే కనిపిస్తున్నాయి. నీకు కాజీపేట కనిపిస్తోంది. నాన్న పోయాక దుకాణం తాళాలు నీ దగ్గరే ఉన్నాయి. అమ్మ అంతకుముందే పోయింది. మిగిలింది నువ్వూ, కాజీపేటలో కాపురం ఉంటున్న చెల్లీ. రంజాన్‌కు ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా చెప్పి, చివర్లో ‘అన్నా, ఆ సంగతి ఏమైనా ఆలోచించావా?’ అని అడిగింది. సిగ్నల్ లేదన్నావు. తర్వాత రెండుసార్లు చేసింది. ఎత్తలేదు.

ఇమాంసాబ్ అడగరు. నువ్వూ చెప్పవు. ఆయన చాప చుట్టి గోడకు ఆనిస్తారు.

“మౌలాలి గుట్ట ఎక్కావా ఎప్పుడైనా? ఆ గుట్ట కూడా ఒక కలే. ఒకసారి వెళ్లి రా.”

బండి తీస్తావు. సికింద్రాబాద్ స్టేషన్, చిలకలగూడ, మెట్టుగూడ. లాలాగూడ వచ్చాక రైల్వే వర్క్‌షాపు గోడ పక్కన ఆపు. ఈ వర్క్‌షాపు 1893 నాటిది. కాసేపు అది లేదనుకో. పట్టాలు లేవు. రోడ్డు లేదు. మిగిలినవి తుమ్మ చెట్లు, నల్లరాతి బండలు, మధ్యలో కాలిబాట.

ఇది 1578. గోల్కొండ గద్దె మీద ఇబ్రహీం కుతుబ్ షా ఉన్నాడు. హుస్సేన్‌సాగర్ తవ్వి పదహారేళ్లు. చార్మినార్ లేవడానికి ఇంకా పదమూడేళ్లు. సికింద్రాబాద్ అనే పేరు పుట్టాలంటే 1806 రావాలి. నువ్వు యాకూత్‌వి. సుల్తాను కొలువులో ఖోజావి, అంటే నపుంసక సేవకుడివి. జబ్బు చేసి, కోలుకోవడానికి ఈ లాలాగూడలో ఉన్నావు. రజబ్ నెల, పదహారో రాత్రి.

ఆకుపచ్చ బట్టలు కట్టుకున్న మనిషి ఒకడు నీ పక్క దగ్గర నిలబడ్డాడు. మౌలా అలీ పిలుస్తున్నారు, రా అన్నాడు. అలీ అంటే ప్రవక్తకు తండ్రి సోదరుడి కొడుకు, అల్లుడు, షియాల మొదటి ఇమామ్. నీ సుల్తానులు షియాలు. ఆ పేరు వింటే పడుకున్నవాడు పడుకున్నట్టు ఉండలేడు. వెంట నడిచావు. గుట్ట పైన మౌలా కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి బండ మీద ఆనించి ఉంది. నువ్వు పాదాల ముందు పడ్డావు. నోరు తెరిచావు. మాట రాకముందే మెలకువ వచ్చింది.

ఇప్పుడు ఏం చేస్తావు?

సుల్తానుకు కబురు పంపవచ్చు. మౌలా కలలోకి వచ్చిన సేవకుడి విలువ ఆ కొలువులో ఎంత పెరుగుతుందో నీకు తెలుసు. కల వట్టిదని తేలితే ఆ కొలువులోనే ఏమవుతుందో కూడా తెలుసు. జ్వరపు కల అనుకుని దుప్పటి కప్పుకోనూ వచ్చు.

తెల్లవారగానే గుట్ట వైపు బయలుదేరతావు. ఇది నిర్ణయం.

గుట్ట కింద నిలబడి పైకి చూస్తావు. ఒకే నల్లరాయి. మెట్లు లేవు. కాళ్లలో జబ్బు సత్తువ లాగేసింది. ఎక్కుతావు. బండ నున్నగా ఉంది. చెయ్యి వేయడానికి పగులు వెతకాలి. దొరికింది. పట్టు. కాలు జారింది. మోకాలు గీసుకుంది. కిందికి చూడకు. ఊపిరి అందడం లేదు. పైన ఏమీ లేకపోతే? ఖాళీ బండే ఉంటే? ఇంకో అడుగు. గాలి కొడుతోంది. ఇంకొకటి.

పైన ఉన్నావు.

కలలో చూసిన బండ. దాని మీద చెయ్యి గుర్తు.

యాకూత్ ఆ గుర్తున్న రాతి భాగాన్ని తొలిపించి తీయించాడని, అక్కడే కమాను కట్టించి అందులో నిలిపాడని ఈ ఊరి కథ. సుల్తాను గుట్ట ఎక్కింది ఆ తర్వాతే. నిజాంల కాలానికి అది నగరం మొత్తం కదిలి వెళ్లే జాతర అయింది. రజబ్ పదిహేడున ఇప్పటికీ ఉర్సు జరుగుతుంది. హిందువులూ ఎక్కుతారు. కవయిత్రి మహ్‌లకా బాయి చందా తన తల్లికి ఈ గుట్ట కిందే సమాధి కట్టించి, తనూ ఆ పక్కనే నిద్రపోతోంది.

బండి స్టార్ట్ చేయి. ఇవాళ మెట్లున్నాయి, అయిదొందలకు కొంచెం తక్కువ. సగంలో ఆగితే ఎదురుగా చిన్న గుట్ట కనబడుతుంది. ప్రవక్త పాదముద్ర పేరుతో దాన్ని ఖదమె రసూల్ అంటారు. పై దాకా వెళ్తే పడమర దిక్కున గోల్కొండ ఉన్న వైపు పొగమంచు. ఆ కోటలోనే, యాకూత్ తర్వాత నూరేళ్లకు, అదే వంశంలో చివరివాడైన తానీషాకు ఒక రాత్రి రామలక్ష్మణులు కనిపించి భద్రాచలం గుడి బాకీ చెల్లించారని తెలుగు ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు మర్నాటి పొద్దు. తానీషా దర్బారులో కల గొప్ప చెప్పుకుంటూ కూర్చోలేదు. చెర తలుపు తీయించి, ఆ బాకీ కోసం బంధించిన కంచెర్ల గోపన్నను విడిపించాడు.

ఆ రాతి మీది గుర్తు నిజంగా ఎవరి చెయ్యి అని నువ్వు అడగవచ్చు. నమ్మేవాడికి అది మౌలా చెయ్యి. నమ్మనివాడికి వేల ఏళ్ల వానలు తొలిచిన రాయి. నేను మాత్రం ఆ మనిషి కాళ్లనే చూస్తాను. కోలుకోని ఒంటితో, ఇంకా ఎవరికీ చెప్పకుండా, కల చూపించిన చోటికి ముందు తనే నడిచి వెళ్లాడు. ఎవరినీ పంపలేదు. ఎవరి దగ్గరా ఏమీ అడగలేదు. హోటల్ బల్ల దగ్గర నీకు తాబీర్ చెప్పినవాళ్లలో ఒక్కడైనా నిన్ను నడవమన్నాడా?

ఫోన్ తియ్యి. గ్రూపు వద్దు. కాజీపేట నంబరు.

కల సంగతి చెల్లికి చెప్పాల్సిన పని లేదు. చెబితే అది మళ్లీ నీ గొప్పే అవుతుంది. ఆమె అడిగింది వాటా. తల్లీ తండ్రీ లేని ఇంట్లో ఒక కొడుకు, ఒక కూతురు మిగిలితే కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. దుకాణంలో మూడో వంతు ఆమెది. ఇది తెలుసుకోవడానికి కల అక్కర్లేదు. ఖురాన్ నాలుగో అధ్యాయం పదకొండో వాక్యంలో రాసే ఉంది. ఇచ్చెయ్యి.